ఇంగ్లండ్ చర్చిలో పెళ్లి: హాల్ బుక్ చేసే ముందు

ఇంగ్లండ్‌కి కొత్తగా వచ్చిన మన తెలుగు పిల్లలు తరచూ అడిగే సందేహం ఇది. "మేం ఊళ్లో సీఎస్ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) వాళ్లం. ఇక్కడ మా వీధి చివర పాత రాతి చర్చి ఉంది. అందులో పెళ్లి చేసుకోనిస్తారా? మాకు అక్కడ సభ్యత్వం లేదు కదా?"

చేసుకోవచ్చు. ఇంగ్లండ్‌లో ప్రతి ఇల్లూ ఏదో ఒక ప్యారిష్ కిందికి, అంటే ఒక చర్చి పరిధిలోకి, వస్తుంది. ఇద్దరిలో ఒకరు ఆ ప్యారిష్‌లో కాపురం ఉంటే అక్కడి చర్చ్ ఆఫ్ ఇంగ్లండ్ చర్చిలో పెళ్లి అడగొచ్చు. బాప్తిస్మం సర్టిఫికెట్ ఉండి తీరాలని చట్టం అనదు. సంఘంలో పేరుండాలి, చందా బాకీ లేకుండా చూసుకోవాలి, పాస్టరుగారి ఉత్తరం తేవాలి అనే మనవైపు లెక్కలతో ఇక్కడ భయపడొద్దు. లూథరన్, బాప్టిస్టు కుటుంబాల వాళ్లకీ ఇదే మాట. ఇద్దరిలో ఒకరు హిందువులైనా తలుపు మూయరు. కాకపోతే ప్రమాణాలు తండ్రి, కుమార, పరిశుద్ధాత్మ నామంలోనే చేయాలి, ఆ మాటలు మార్చరు. అది ఇబ్బందనిపిస్తే ముందే చెప్పేయండి. నేను చెప్పేదంతా ఇంగ్లండ్ సంగతే. స్కాట్లాండ్ చట్టం వేరు.

అసలు చిక్కు వీసా దగ్గర వస్తుంది. ఇక్కడివాళ్ల పెళ్లికి మూడు ఆదివారాలు ఆరాధనలో పేర్లు చదువుతారు. దాన్నే బ్యాన్స్ అంటారు. ఎవరికైనా అభ్యంతరం ఉంటే చెప్పాలన్నమాట. అది చదివిన మూడు నెలల లోపు పెళ్లి జరగాలి. ఈ దారి ఇద్దరూ బ్రిటిష్ లేదా ఐరిష్ పౌరులైతేనో, యూరోపియన్ల సెటిల్‌మెంట్ పథకంలో ఉన్నవాళ్లైతేనో పనిచేస్తుంది. ఒక్కరిది భారత పాస్‌పోర్టు అయినా, ఐఎల్ఆర్ (ఇక్కడే శాశ్వతంగా ఉండే అనుమతి) వచ్చి ఎన్నేళ్లైనా, ఇద్దరూ కలిసి రిజిస్టర్ ఆఫీసుకు వెళ్లి నోటీసు ఇవ్వాల్సిందే. 2015 మార్చి నుంచి ఇదే పద్ధతి. మామూలుగా 28 రోజులు ఆగాలి. వీసా మీద ఉన్నవాళ్ల విషయం హోం ఆఫీసు (వీసాలు చూసే ప్రభుత్వ శాఖ) చూస్తానంటే అది 70 రోజులు అవుతుంది. నోటీసుకు ముందు కనీసం ఏడు రోజులు ఇంగ్లండ్‌లోనో వేల్స్‌లోనో నివాసం ఉండాలి. ఆ తర్వాత కూడా చర్చిలో జరపడానికి వికార్‌గారి, అంటే ఆ ప్యారిష్ పాస్టరుగారి, ఒప్పుకోలు కావాలి.

కాబట్టి తేదీ ఖాయం చేసుకుని, హాల్‌కి అడ్వాన్స్ కట్టి, అమ్మానాన్నలకు టికెట్లు తీసి, అప్పుడు చర్చి తలుపు తట్టకండి. మొదట వికార్‌గారు, తర్వాత రిజిస్టర్ ఆఫీసు, ఆ తర్వాతే హాల్. అమ్మాయి లేదా అబ్బాయి ఇండియా నుంచి వస్తుంటే టూరిస్టు వీసా పనికిరాదు. దాని మీద పెళ్లి చేసుకోకూడదు, నోటీసు కూడా ఇవ్వకూడదు. పెళ్లి చేసుకుని వెళ్లిపోయేవాళ్లకు మ్యారేజ్ విజిటర్ వీసా ఉంది, ఇక్కడే ఉండిపోయేవాళ్లకు ఫియాన్సే వీసా ఉంది.

ఇక రెండో పెళ్లి. దీని గురించి మనవాళ్లు ఫోన్లో గొంతు తగ్గించి అడుగుతారు. భర్తో భార్యో చనిపోయినవాళ్లకు ఏ అడ్డూ లేదు, మరణ ధ్రువపత్రం చూపిస్తే చాలు. విడాకులై, మాజీ భర్తో భార్యో బతికి ఉంటే మాత్రం నిర్ణయం వికార్‌ది. చేయనంటే బలవంతం చేయడానికి చట్టం లేదు, తన చర్చి వాడుకోనివ్వకుండా ఉండే హక్కూ ఆయనకుంది. పూర్వం చాలాచోట్ల కుదరదనేవారు. 2002లో చర్చ్ ఆఫ్ ఇంగ్లండ్ పాలక సభ అయిన జనరల్ సినాడ్ ప్రత్యేక పరిస్థితుల్లో చేయవచ్చని ఒప్పుకుంది.

వికార్‌గారు కూర్చోబెట్టి అడిగే ప్రశ్నలు సూటిగా ఉంటాయి. మొదటి కాపురం ఎందుకు చెడింది? ఇప్పటి ఈ పరిచయమే దానికి కారణమా? పిల్లల సంగతి ఏం చూశారు, వాళ్లకు డబ్బు అందుతోందా? మన ఇళ్లలో సంబంధాలు చూసేటప్పుడు "చిన్న గొడవలు" అని దాటేస్తాం కదా, అది ఇక్కడ చెల్లదు. నా సలహా, మొదటి భేటీలోనే విడాకుల సంగతి మీరే చెప్పండి. చివర్లో కాగితాల్లో బయటపడితే వికార్‌కు మీ మీద నమ్మకం పోతుంది. ఒప్పుకోకపోతే అవమానంగా తీసుకోకండి, కొందరికి అది మనస్సాక్షి విషయం. అప్పుడు రిజిస్టర్ ఆఫీసులో పెళ్లి చేసుకుని చర్చిలో ప్రార్థన, సమర్పణ ఆరాధన జరిపించుకోవచ్చు. 2005లో అప్పటి యువరాజు చార్లెస్, కెమిల్లా చేసింది అదే: విండ్సర్ గిల్డ్‌హాల్‌లో పెళ్లి, సెయింట్ జార్జ్ చాపెల్‌లో ప్రార్థన. 2018లో, అప్పటికే విడాకులైన మేఘన్‌కు ప్రిన్స్ హ్యారీతో అదే చాపెల్‌లో పూర్తి పెళ్లే జరిగింది.

ఇండియాలో తీసుకున్న విడాకులకు కోర్టు డిక్రీ సర్టిఫైడ్ కాపీ కావాలి, తెలుగులో ఉంటే అనువాదం జతచేయాలి. పెద్దమనుషుల ముందు రాసుకున్న విడుదల కాగితం ఇక్కడ ఏ పనికీ రాదు. చట్టం ప్రకారం మీరింకా పెళ్లైనవారే. విదేశీ డిక్రీలను రిజిస్టర్ ఆఫీసు విడిగా పరిశీలిస్తుంది, అవసరమైతే పై ఆఫీసుకు పంపుతుంది. దానికి వేరే ఫీజు, వేరే ఆలస్యం. ఆ టెన్షన్ పెళ్లి నెలలో పెట్టుకోవద్దు.

ఊళ్లో ఇప్పటికే పెళ్లై వచ్చినవాళ్లు "ఇక్కడ ఫ్రెండ్స్ ముందు ఇంకోసారి" అంటుంటారు. చట్టపరంగా రెండోసారి చేయరు. కృతజ్ఞతా ఆరాధన అడగండి, సంతోషంగా చేస్తారు.

పెళ్లి ఉదయం 8 నుంచి సాయంత్రం 6 లోపు జరగాలి, ఇద్దరు సాక్షులు ఉండాలి. సిలువ గుర్తున్న మంగళసూత్రం కట్టాలనుకుంటే ఉంగరాల తర్వాత చోటు ఇమ్మని ముందుగా అడగండి. అదేమిటో వివరిస్తే చాలామంది కాదనరు. తలంబ్రాలు మాత్రం హాల్‌కి వాయిదా వేయండి, లోపల బియ్యం చల్లితే ఊడ్చేవాళ్లు ఊరుకోరు. చర్చి ఫీజు దేశమంతా ఒకటే, ఏటా మారుతుంది. ఆర్గాన్, గంటలు, హీటింగ్ దానికి అదనం. శీతాకాలంలో హీటింగ్ దగ్గర పొదుపు చేయకండి, పట్టుచీరల్లో అత్తయ్యలు వణికిపోతారు.

2021 మే నుంచి చర్చిలో పెళ్లిరోజే సర్టిఫికెట్ చేతికి రాదు. సంతకాలు చేసిన పత్రం 21 రోజుల్లో రిజిస్టర్ ఆఫీసుకు చేరితే వాళ్లు నమోదు చేసి ఇస్తారు. ఇప్పుడు అందులో తల్లుల పేర్లు కూడా వస్తాయి, స్పెల్లింగు పాస్‌పోర్టులో ఉన్నట్టే ఉందో లేదో సంతకానికి ముందే చూసుకోండి. కాపీలు రెండు మూడు ఎక్కువే తీసుకోండి. పాస్‌పోర్టులో భార్య లేదా భర్త పేరు చేర్పించడానికి, వీసా మార్పుకి, ఇండియాలో బ్యాంకు పనులకి అందరూ అదే అడుగుతారు.