ఎమ్మారైకి వెళ్లేముందు మేనకోడలికి

బుజ్జమ్మా,

డాక్టరుగారు రొమ్ముకి ఎమ్మారై రాశారని, క్యాన్సర్ మళ్లీ వచ్చిందేమోనని నువ్వు నిద్ర మానేశావని మీ నాన్న చెప్పాడు. అలా అనుకోకు. రొమ్ము ఉంచి గడ్డ వరకే తీసినవాళ్లకి ఏటా మామోగ్రామ్, అంటే రొమ్ము ఎక్స్‌రే, మామూలే. ఎమ్మారై అందరికీ రాయరు. 50 ఏళ్లలోపు క్యాన్సర్ బయటపడినవాళ్లకి, క్యాన్సర్ వచ్చి రొమ్ము కణజాలం దట్టంగా ఉన్నవాళ్లకి ఏటా అదీ తీయించమని అమెరికన్ కాలేజ్ ఆఫ్ రేడియాలజీ 2018లో సూచించింది. నీకు 43కే వచ్చింది కదా, అందుకే రాసుంటారు. ఇది తీయించుకుంటున్నానని మామోగ్రామ్ మాత్రం మానెయ్యకు. ఒక్కోసారి క్యాన్సర్‌కి తొలి గుర్తయ్యే సన్నటి సున్నపు (కాల్షియం) చుక్కలు అందులోనే కనిపిస్తాయి.

ఇన్నేళ్లు ఆ మిషన్ దగ్గరే పనిచేసినదాన్ని, గట్టిగా చెప్తున్నా: ముందు ఫైలు సర్దుకో. ఆపరేషన్ తేదీ, బయాప్సీ రిపోర్టు, రేడియేషన్ ముగిసిన తేదీ, పాత ఫిల్ములు, సీడీలు, అన్నీ. ఎందుకంటావా? నరంలోకి ఎక్కించే గాడోలినియం మందు, రక్తం ఎక్కువగా పారే చోట తెల్లగా మెరుస్తుంది. క్యాన్సరూ మెరుస్తుంది, మానుతున్న గాయమూ మెరుస్తుంది. కోసిన చోటు ఏడాదిన్నర దాకా, కొందరికి ఇంకా ఎక్కువ కాలం అలాగే ఉంటుంది. దెబ్బతిన్న కొవ్వు గట్టిపడి ఒక్కోసారి అచ్చం క్యాన్సర్‌లాగే భయపెడుతుంది. నిరుడు మెరిసింది ఈ ఏడు తగ్గితే మంచిదే. చల్లారిన మచ్చ దగ్గర కొత్తగా ముద్దలా మెరిస్తేనే ఆలోచించాలి. పాత బొమ్మలు పక్కన లేకపోతే ఈ తేడా ఎంత గొప్ప డాక్టరుకైనా పట్టుకోవడం కష్టం.

నెలసరి ఇంకా వస్తుంటే, మొదలైన 7వ రోజు నుంచి 14వ రోజు లోపు అపాయింట్‌మెంట్ అడుగు. మిగతా రోజుల్లో మామూలు కణజాలం కూడా ఎక్కువ మెరిసి గందరగోళం చేస్తుంది. కిడ్నీ జబ్బు ఏదైనా ఉంటే ముందే చెప్పాలి. ఆపరేషన్‌లో లోపల పెట్టిన క్లిప్పులు సాధారణంగా టైటానియంవే, వాటితో ఇబ్బంది ఉండదు, అయినా చెప్పు. మంగళసూత్రం, నల్లపూసలు, పిన్నీసులు ఇంట్లోనే వదిలేసి వెళ్లు. మెట్టెలు బిగుసుకుపోతే ముందురాత్రే సబ్బునీళ్లతో తీసెయ్.

బోర్లా పడుకోబెడతారు. బల్లకున్న రెండు గుంటల్లోకి రొమ్ములు దిగేలా సర్ది, చేతులు తలపైకి పెట్టమంటారు. భుజం పట్టేసి ఉంటే మొహమాటపడకుండా అప్పుడే చెప్పు, మెత్త వేస్తారు. సూది మాత్రం చంకలో గ్రంథులు తీయని వైపు చేతికే పెట్టమను. దడదడ చప్పుడుకి చెవుల్లో ప్లగ్గులు ఇస్తారు. అరగంట, ముప్పావుగంట పడుతుంది. మధ్యలో చేతిలోకి చల్లగా పాకుతుంది, అదే మందు. అప్పుడు ఊపిరి గట్టిగా పీల్చకు, కదలకు. మందు ఎక్కాక తీసిన బొమ్మలోంచి అంతకుముందుది తీసేసి చూస్తారు. కాస్త కదిలినా లేని మెరుపు కనిపిస్తుంది.

రిపోర్టు చేతికి రాగానే గూగుల్‌లో వెతుక్కుంటూ కూర్చోకు. రొమ్ము స్కాన్‌లో అనుమానం ఎంతో చెప్పడానికి బైరాడ్స్ అని ఒక అంకె వేస్తారు. అది 3 అని ఉంటే హానికరం కాకపోవడానికే ఎక్కువ అవకాశం, కొన్ని నెలలాగి మళ్లీ చూస్తారు. 4 అంటే ముక్క తీసి పరీక్షించాలని, క్యాన్సర్ తేలిపోయిందని కాదు. ఈలోగా చేతికి కొత్త గడ్డ తగిలినా, చర్మం ఎర్రబడినా, చనుమొన లోపలికి లాగినా స్కాన్ తేదీ దాకా ఆగొద్దమ్మా. వెంటనే సర్జన్‌కి చూపించు, నాకూ ఫోన్ చెయ్యి.

మీ అత్త