మన ఇళ్లలో ‘కీ’ అంటే పరీక్ష కీయే

ఇంగ్లీషు ‘కీ’ని మనవాళ్లు రోజూ ఏయే అర్థాల్లో వాడతారని ఒకరు అడిగారు. బండి కీ, కంప్యూటర్ కీ, హార్మోనియం కీ అందరికీ తెలిసినవే. వాచీకి ‘కీ ఇవ్వడం’ మాత్రం మన సొంతం. మా తాతయ్య హెచ్ఎంటీ వాచీకి రోజూ పొద్దున్నే కీ ఇచ్చేవాడు. తిప్పేదేమో పక్కనున్న చిన్న గుండీ, అక్కడ కీ అన్నదే లేదు! ఎవరైనా ఉన్నట్టుండి గొడవకి దిగితే "ఎవరో కీ ఇచ్చి పంపారు" అనేది నాన్నమ్మ.

ఇవన్నీ ఒక ఎత్తు, పరీక్ష కీ, అంటే సరైన జవాబుల పట్టిక, ఒక్కటీ ఒక ఎత్తు. కాదనేవాళ్లు ఇంటర్ పిల్లలున్న ఇంట్లో ఒక్క మే నెల గడిపి చూడండి.

నేను ఇంజనీరింగ్ సీటు కోసం ఎంసెట్ ప్రవేశపరీక్ష రాసేనాటికి అది ఇంకా కాగితం మీదే. బయటికి రాగానే గేటు దగ్గర కోచింగ్ వాళ్లు కీ కాగితాలు పంచుతున్నారు. బాబాయి ఒకటి లాక్కుని, నా ప్రశ్నపత్రం స్కూటర్ సీటు మీద పరిచి టిక్కులు మొదలుపెట్టాడు. 160 ప్రశ్నలకి నలభై కూడా కలవలేదు. కళ్లు మూసుకుని బబుల్స్ దిద్దినా నలభై దాకా వస్తాయి. అమ్మ మాట్లాడడం మానేసింది. నాన్న "డిగ్రీలో చేరుదువులే" అన్నాడు. పక్కనున్న కుర్రాడు తొంగిచూసి "అంకుల్, అది ఎ సెట్ కీ. మీవాడిది సి సెట్, ప్రశ్నల వరుసే వేరు" అన్నాడు. బాబాయి ఆ కుర్రాడికి సోడా తాగించాడు గానీ నాకు సారీ చెప్పలేదు.

ఇప్పుడు ప్రాథమిక కీ, అభ్యంతరాలు, తుది కీ అని పద్ధతిగా పెట్టారు. అయినా మెడికల్ సీట్ల కోసం పెట్టే నీట్‌లో, 2024 ఫిజిక్స్‌లో ఒక ప్రశ్నకి పాత ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకం వల్ల రెండు జవాబులకీ మార్కులిచ్చారు. సుప్రీంకోర్టు ఐఐటీ ఢిల్లీ నిపుణులని అడిగితే, సరైనది ఒక్కటేనని తేలింది. మొదట 720కి 720 వచ్చినవాళ్లు 67 మంది, చివరికి మిగిలింది 17 మంది.

నా మంట ఇంకోటి. ఆ నీట్‌లో కీ తప్పని చెప్పాలన్నా ప్రశ్నకి 200 రూపాయలు కట్టాల్సి వచ్చింది, అవి తిరిగి రాలేదు. తప్పు వాళ్లదైతే ఖర్చు మనదా? మా అక్క కూతురు అనుమానమున్న ప్రశ్నలన్నిటికీ కట్టలేక, ఎవరో ఒకరు కడతారులే అని కొన్ని వదిలేసింది. క్లాసులో అందరూ అదే అనుకున్నారట.