మొహమాటం బిల్లు ఎవరి కార్డు మీద?

ప్రశ్న: నా వయసు 26. మాది నరసరావుపేట. ఉద్యోగం వచ్చి ఎనిమిది నెలల క్రితం బెంగళూరు వచ్చాను, హూడిలో పీజీలో ఉంటున్నాను. చేతికి నెలకు 68,000 వస్తుంది. పీజీకి 15,000, ఇంటికి 12,000, ఎడ్యుకేషన్ లోన్ ఈఎంఐ 9,500, సిప్ (మ్యూచువల్ ఫండ్‌లో నెలనెలా పెట్టేది) 5,000, ఫోను, మెట్రో, మిగతా చిల్లర ఖర్చులు 5,500. మొదట్లో ఆఫీసువాళ్లు తప్ప ఈ ఊళ్లో ఎవరూ తెలియదు. తర్వాత ఒక నాటకాల వర్క్‌షాప్‌లో చేరితే మంచి గ్రూపు దొరికింది. నాటకాలు, స్టాండప్ షోలు, లైవ్ మ్యూజిక్, అవయ్యాక ఇందిరానగర్‌లో పబ్బు. నేను తాగను కానీ వెళ్తాను. వీటికే నెలకు 24,000 దాకా అవుతోంది. అంతా క్రెడిట్ కార్డు మీదే. ఇప్పుడు బాకీ 86,000. మూడు నెలలుగా మినిమమ్ 4,300 కడుతున్నా తగ్గట్లేదు. ఇంట్లో ఏ అవసరం వస్తుందోనని సేవింగ్స్‌లో 60,000 ముట్టుకోకుండా ఉంచాను. మానేస్తే మళ్లీ ఒంటరిదాన్ని అయిపోతానేమో! మొన్న శుక్రవారం బిల్లు ఫొటో కూడా పంపుతున్నాను. ఏం చేయమంటారు?

జవాబు: వెళ్లడం మానకండి. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే ఇలాంటి ప్రశ్నకు చాలామంది ఇచ్చే మొదటి సలహా అదే. కొత్త ఊళ్లో నలుగురు మనుషుల్ని సంపాదించుకోవడం కూడా సంపాదనే. జ్వరం వచ్చిన రాత్రి పీజీ గేటు దగ్గరకొచ్చి మందులిచ్చి వెళ్లే మనిషి ఒకరుండాలి. దానికి కొంత ఖర్చవుతుంది, అవ్వాలి కూడా. అయితే మీ 24,000లో స్నేహానికి పోతున్నది ఎంత, మొహమాటానికి పోతున్నది ఎంత అన్నది విడదీసి చూడాలి.

మీరు పంపిన బిల్లే చూద్దాం. ఆరుగురు, మొత్తం 9,480. తలా 1,580. అందులో మీరు తీసుకున్నది ఒక ఫ్రెష్ లైమ్ సోడా, పక్కవాళ్లతో పంచుకున్న గోబీ. పన్నులతో కలిపి లెక్క వేస్తే 430 దాటదు. మిగిలిన 1,150 ఇతరుల బీరుకి. అడుగున సర్వీస్ ఛార్జ్ అని 780 ఉంది, అదెవరూ చూసినట్టు లేరు. హోటళ్లు దాన్ని బిల్లులో వాటంతటవే కలపకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2022లోనే మార్గదర్శకాలు ఇచ్చింది, 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు వాటిని సమర్థించింది. తీసేయమని మర్యాదగా అడగండి. వినకపోతే 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు చేయొచ్చు.

ఇక ఆ బిల్లు మొత్తం మీ కార్డు మీద గీశారు. పాయింట్లు వస్తాయని. నూటికి రూపాయి చొప్పున లెక్కేసుకున్నా వచ్చేది 95 రూపాయలు. ముగ్గురు వెంటనే పంపారు, ఇద్దరు ఇంకా పంపలేదని రాశారు. అంటే 3,160 మీ దగ్గరే ఇరుక్కుంది. మీరు తెలుసుకోవాల్సిన అసలు సంగతి ఇక్కడుంది. కార్డు బిల్లు పూర్తిగా కట్టేవాళ్లకే ఆ నలభై, యాభై రోజుల వడ్డీ లేని గడువు. పాత బాకీ కొంచెం మిగిల్చినా ఆ గడువు పోతుంది, కొత్తగా గీసిన ప్రతి రూపాయికీ గీసిన రోజు నుంచే వడ్డీ మొదలవుతుంది. అంటే మీ స్నేహితులు పది రోజులు ఆలస్యంగా పంపితే ఆ పది రోజుల వడ్డీ మీది.

నెలకు 3.5 శాతం అనుకుందాం, చాలా కార్డులు ఆ చుట్టుపక్కలే వేస్తాయి. 86,000 మీద నెల వడ్డీ 3,010. దాని మీద 18 శాతం జీఎస్టీ, 542. మొత్తం 3,552. మీరు కట్టిన 4,300లో అసలుకి జమ అయ్యేది 750 మాత్రమే. ఆ వారమే మీరు ఇందిరానగర్‌లో మళ్లీ 1,580 పెట్టారు. ఎలా తగ్గుతుంది?

మరోపక్క 60,000 సేవింగ్స్‌లో నిద్రపోతోంది. పెద్ద బ్యాంకుల్లో దానికొచ్చేది ఏడాదికి 2.5 శాతం చుట్టుపక్కల. కార్డుకు మీరు కట్టేది ఏడాదికి 40 శాతం పైనే. ఇంటి మీద ప్రేమతోనే ఆ డబ్బు దాచారు, అర్థమైంది. కానీ ఆ జాగ్రత్తే మిమ్మల్ని దెబ్బ తీస్తోంది. ఈ వారమే అందులోంచి 40,000 తీసి కార్డుకి కట్టేయండి. 20,000 అత్యవసరానికి అలాగే ఉండనివ్వండి. కార్డును యాప్‌లన్నిట్లోంచి తీసేసి, ప్లాస్టిక్ ముక్కను పీజీలో సూట్‌కేసు అడుగున పెట్టండి.

మిగిలేది 46,000. సిప్‌ను నాలుగు నెలలు ఆపండి. అయ్యో, మార్కెట్లో డబ్బు పెరిగేది కదా అని టెన్షన్ పడకండి, ఏడాదికి 40 శాతం ఇస్తానని హామీ ఇచ్చే ఫండ్ ఏదీ లేదు. మీ స్థిర ఖర్చులు 47,000 పోగా మిగిలే 21,000కి ఈ 5,000 కలిస్తే 26,000. అందులో 14,000 కార్డుకి, 9,000 స్నేహితులకి, 3,000 అనుకోని ఖర్చుకి. ఇలా కడితే మూడు నెలలకు బాకీ 8,000 చుట్టుపక్కలకు వస్తుంది, నాలుగో నెలలో తీరిపోతుంది. ఆ తర్వాత సిప్ మళ్లీ మొదలుపెట్టండి, 14,000లో ఎక్కువ భాగం అత్యవసర నిధికి మళ్లించండి. కనీసం మూడు నెలల ఖర్చు, అంటే మీ లెక్కన లక్షా నలభై వేలు చేతిలో ఉండాలి.

9,000కి వేరే బ్యాంకు ఖాతా పెట్టుకోండి. జీతం పడిన రోజే అందులో వేసి, సరదాలకు వాడే యూపీఐని దానికే కలపండి. ఖాతా ఖాళీ అయితే ఆ నెలకు అంతే.

ఈ 9,000 ఎక్కడ పెట్టాలన్నది డబ్బు లెక్క కన్నా పెద్ద విషయం. నేను గుంటూరు నుంచి ఈ ఊరు వచ్చిన కొత్తలో ఒక చిన్న తెలుగు నాటక బృందంలో కుర్చీలు సర్దే పని చేశాను. నటన రాదు. టికెట్లు చింపి ఇవ్వడం, మేకప్ డబ్బా మోయడం, రిహార్సల్‌కి టీ ఫ్లాస్కు తేవడం. ఆ ఏడాది నాకు పరిచయమైన ముగ్గురు ఇప్పటికీ నా మనుషులు. అదే ఏడాది పెద్ద పార్టీల్లో పరిచయమైన వాళ్లలో ఒక్కరి ఫోన్ నంబర్ కూడా నా దగ్గర లేదు. ఒకే చోట, ఒకే పని మీద, వారం వారం కనపడితే మనుషులు దగ్గరవుతారు. మీ గ్రూపు ప్రదర్శన వేస్తుంటే బ్యాక్‌స్టేజ్ పని అడిగి తీసుకోండి. అక్కడ మీ దగ్గర ఎవరూ డబ్బు అడగరు.

మీరుండే చోటు కూడా మీకు కలిసొస్తుంది. హూడిలో మెట్రో పర్పుల్ లైన్ ఎక్కితే ఇందిరానగర్, ఎంజీ రోడ్, కబ్బన్ పార్క్ అన్నీ దారిలోనే. శనివారం పొద్దున కబ్బన్ పార్కులో చాపలు పరుచుకుని పుస్తకాలు చదువుకునేవాళ్లు ఉంటారు, ఎవరైనా వెళ్లి కూర్చోవచ్చు, రూపాయి ఖర్చు లేదు. దొమ్మలూరులో బెంగళూరు ఇంటర్నేషనల్ సెంటర్‌లో చాలా కార్యక్రమాలకు ప్రవేశం ఉచితం. జేపీ నగర్‌లో రంగశంకర నాటకశాల ఉంది, నటుడు శంకర్ నాగ్ జ్ఞాపకంగా ఆయన భార్య అరుంధతి నాగ్ పూనికతో 2004లో మొదలైంది. టైం దాటితే లోపలికి రానివ్వరు, కాబట్టి ముందే వెళ్లాలి. ఆ ముందు గంట కేఫ్‌లో నాటకాల వాళ్ల మధ్య గడుస్తుంది చూడండి, అది పబ్బులో మూడు గంటల కన్నా విలువైనది. పాట వినపడక ఒకరి చెవిలో ఒకరు అరుచుకునే చోట పరిచయం పెరగదు. జనవరిలో కుమారకృపా రోడ్డు మీద చిత్రసంతె అనే చిత్రాల సంత జరుగుతుంది. గ్రూపంతా కలిసి పొద్దున్నుంచి సాయంత్రం దాకా బొమ్మలు చూస్తూ నడవొచ్చు.

ఇంకొకటి, ఇది చాలామంది తెలుగువాళ్లకు తట్టదు. చామరాజపేట కోట హైస్కూలు మైదానంలో శ్రీరామనవమి సంగీతోత్సవాలు జరుగుతాయి, అవి 1939లో మొదలయ్యాయి. అక్కడ త్యాగరాజ కీర్తన పాడితే ప్రతి మాటా అర్థమయ్యేది మీకు. పక్క కుర్చీలో కన్నడ అమ్మాయి "ఈ చరణంలో ఏమంటున్నారు?" అని అడుగుతుంది. బిల్లు పంచుకుని మొదలయ్యే పరిచయం కన్నా అది ఎంత బాగుంటుంది! మీరూ నాలుగు కన్నడ మాటలు నేర్చుకోండి, లిపి మనకు సగం తెలిసినట్టే ఉంటుంది.

పబ్బుకి నెలకు రెండుసార్లు వెళ్లండి. కూర్చోకముందే చెప్పండి: "నేను తాగను, నా ప్లేటు నేనే కట్టుకుంటా, ఈ నెల అప్పు తీరుస్తున్నా." బిల్లు వచ్చాక చెబితే గొడవలా ఉంటుంది, ముందే చెబితే సమాచారంలా ఉంటుంది. వాళ్లలో ఇంకొకరు "నాదీ అదే పరిస్థితి" అంటే ఆశ్చర్యపోకండి. ఈ మాటకే మొహం మాడ్చుకునేవాళ్లు ఎవరైనా ఉంటే, వాళ్ల కోసం మీరు 42 శాతం వడ్డీ కట్టాల్సిన పని లేదు. రావాల్సిన 3,160 గురించి ఇద్దరికీ విడివిడిగా, బిల్లు ఫొటోతో, ఈ రోజే మెసేజ్ పెట్టండి. గ్రూపులో పెట్టి ఇబ్బంది పెట్టకండి.

చివరిగా, ఆ 9,000లో 1,500 రాత్రి క్యాబ్‌కని పక్కన పెట్టండి. 11 దాటితే మెట్రో దొరకడం కష్టం. డబ్బు మిగులుతుందని తెలియని వాళ్ల బైక్ ఎక్కకండి, ఎవరో ఒకరు దింపుతారులే అని అర్ధరాత్రి దాకా ఎదురు చూడకండి. ఆ 1,500 ఏ నెలయినా మిగిలితే అక్కడే ఉండనివ్వండి, బిల్లులోకి మాత్రం మళ్లించకండి.