పోల్ అంటే ఏమిటో నాకు పడవ మీద తెలిసింది

కంట్రోల్ సిస్టమ్స్ చదువుతున్న ఒక విద్యార్థి నన్ను ఇలా అడిగారు: రూట్ లోకస్ (దిద్దుబాటు బలం, అంటే గెయిన్, మారేకొద్దీ పోల్స్ కదిలే దారి) గీయగలను, పోల్స్ (వ్యవస్థ స్పందన తీరును నిర్ణయించే సంకీర్ణ సంఖ్యలు) ఎడమవైపు ఉంటే వ్యవస్థ స్థిరమని రాయగలను, కానీ అవి నిజంగా ఏం చెబుతున్నాయో అర్థం కావడం లేదు. విశాఖలో ఈఈఈ మూడో సంవత్సరంలో నాదీ ఇదే బాధ. మార్కులు వచ్చేవి, వెలితి మాత్రం పోయేది కాదు.

నా స్నేహితుడి నాన్నగారు ఫిషింగ్ హార్బర్‌లో మరపడవ సరంగు. ఒక ఆదివారం చుక్కాని నా చేతికిచ్చి, పడవను డాల్ఫిన్స్ నోస్ లైట్‌హౌస్ వైపు తిప్పమన్నారు. పడవ ముక్కు లైట్‌హౌస్ దిశకు తిరిగే కొద్దీ చుక్కానిని తగ్గిస్తూ వచ్చి, సరిగ్గా ఎదురుగా రాగానే నిటారు చేశాను. అయినా పడవ ముక్కు ఆ దిశను దాటిపోయింది. వెనక్కి తిప్పితే అటువైపూ దాటింది. "చేరకముందే ఎదురు తిప్పాలి బాబూ" అన్నారాయన. పక్కగాలి తోస్తున్నంతసేపూ చుక్కానిని కాస్త వాల్చి అలాగే పట్టుకున్నారు.

నేను చేసింది పి, అంటే ఎంత తేడా ఉంటే అంత తిప్పడం. ఆయన ఎదురు తిప్పడం డి, అంటే తిరిగే వేగాన్ని చూసి అడ్డుకోవడం. గాలికి సరిపడా వాల్చి ఉంచడం ఐ, అంటే పోగుపడిన తేడాను సరిదిద్దడం. నికొలస్ మినోర్‌స్కీ అనే ఇంజనీరు 1922లో ఈ మూడింటి నియంత్రణను విశ్లేషించింది కూడా ఓడలను నడపడం కోసమే!

ఇంటికి వచ్చి లెక్క వేశాను. చుక్కానిని 1 డిగ్రీ వాలిస్తే పడవ చివరకు సెకనుకు 0.1 డిగ్రీ వేగంతో తిరుగుతుందనీ, ఆ వేగం అందుకోవడానికి టైమ్ కాన్‌స్టంట్ (అందులో సుమారు 63 శాతం చేరే సమయం) 10 సెకన్లనీ అనుకోండి. పోల్స్ 0 దగ్గర ఒకటి, −0.1 దగ్గర ఒకటి. పి గెయిన్ 1 పెడితే, అంటే 1 డిగ్రీ తేడాకు 1 డిగ్రీ చుక్కాని తిప్పితే, డ్యాంపింగ్ నిష్పత్తి (ఊగిసలాటను అణచే బలం) 0.5, ఓవర్‌షూట్ (గురి దాటిపోయే మేర) సుమారు 16 శాతం. గెయిన్ 4 చేస్తే నిష్పత్తి 0.25కు పడిపోయి, ఓవర్‌షూట్ 44 శాతానికి పెరుగుతుంది.

ఇక్కడే నా కళ్లు తెరుచుకున్నాయి. రెండు సందర్భాల్లోనూ పోల్స్ వాస్తవ భాగం −0.05 మాత్రమే. అంటే ఊగిసలాట చల్లారడానికి పట్టే సమయం దాదాపు 80 సెకన్లు (4 ÷ 0.05), రెండింటికీ ఒకటే. గెయిన్ ఎంత పెంచినా పడవ ఇంకా వేగంగా ఊగుతుంది తప్ప, తొందరగా కుదుటపడదు. రూట్ లోకస్‌లో ఆ రెండు గీతలు నిట్టనిలువుగా పైకీ కిందికీ పోవడానికి అర్థం ఇదే. ఎడమవైపు దూరం ఊగిసలాట ఎంత త్వరగా ఆరిపోతుందో చెబుతుంది, నిలువు ఎత్తు ఎంత వేగంగా ఊగుతుందో చెబుతుంది. ఇప్పుడు పి గెయిన్ 4 అలాగే ఉంచి, పడవ తిరిగే వేగాన్ని కొలిచి, దానికి ఎదురుగా 10 గెయిన్‌తో (ఇదే డి) చుక్కాని తిప్పండి. పోల్స్ వాస్తవ భాగం −0.1కు జరుగుతుంది, సమయం 40 సెకన్లకు తగ్గుతుంది, ఓవర్‌షూట్ మళ్లీ 16 శాతానికి దిగుతుంది.

అందుకే, ఏ లెక్కలోనైనా సూత్రం జోలికి వెళ్లకముందు పోల్స్ చూసి స్పందన ఎలా ఉంటుందో చేత్తో గీయండి. తర్వాత కంప్యూటర్‌లో సరిచూడండి. నాకు ఇరవై లెక్కల తర్వాత చెయ్యి తిరిగింది.

బోడే, నైక్విస్ట్ పటాలు (వేర్వేరు పౌనఃపున్యాలకు వ్యవస్థ స్పందనను చూపేవి) ఆ తర్వాత చూసుకోవచ్చు. ముందు ఇదే పడవకు, పి 4, డి 10 అలాగే ఉంచి, ఐ కూడా కలపండి. మూడో పోల్ వస్తుంది. ఐ గెయిన్ ఎంత దాటితే పడవ అదుపు తప్పుతుందో రౌత్ పట్టిక (పోల్స్ కనుక్కోకుండానే స్థిరత్వం తేల్చే లెక్క) వేసి చూడండి. 0.8 రావాలి.