కోవిడ్ డ్యూటీలు చేసిన డాక్టర్లు మానసికంగా ఎంత నలిగిపోయారు?

2021 సెకండ్ వేవ్‌లో నేను తెలంగాణలోని ఓ ప్రభుత్వ ఆసుపత్రిలో జనరల్ మెడిసిన్ పీజీ చేస్తున్నాను. నాకు తెలిసింది ఆ కొన్ని నెలల సంగతి.

మేం చస్తామేమో అన్న భయం 2020లో ఉండేది. 2021 జనవరిలో టీకా పడ్డాక అది చాలావరకు పోయింది. మమ్మల్ని లోపల్నుంచి తినేసింది వేరే. ఐసీయూలో ఒక్క బెడ్ ఖాళీ అయ్యేది, వార్డులో సాచురేషన్ (రక్తంలో ఆక్సిజన్ శాతం) పడిపోతున్నవాళ్లు నలుగురుండేవాళ్లు. ఎవర్ని పంపాలో అర్ధరాత్రి తేల్చాల్సింది మేమే. సీనియర్‌కి ఫోన్ చేస్తే "నువ్వు చూస్తున్నావు కదమ్మా, నువ్వే డిసైడ్ చెయ్యి" అనేవారు. ఆయన్ని తప్పుపట్టను, పక్క బ్లాకులో ఆయనదీ అదే పరిస్థితి.

అటెండెంట్లను లోపలికి రానిచ్చేవాళ్లు కాదు, రోజూ ఫోన్‌లోనే చెప్పాలి. నంబర్లు "14వ బెడ్ కూతురు", "9వ బెడ్ అల్లుడు" అని సేవ్ చేసుకునేదాన్ని. పేషెంట్ పోతే అదే బెడ్ మీదికి ఇంకొకరు. మళ్లీ "14వ బెడ్ తమ్ముడు". ఆ కూతురు ఇప్పటికీ పండగలకి మెసేజ్ పెడుతుంది. వాళ్ల నాన్న మా వార్డులోనే పోయారు. ఏం జవాబివ్వాలో తోచక సాయంత్రం దాకా అలాగే ఉంచేస్తాను.

బయటివాళ్లకి తెలియనిది ఇంకోటుంది. ఏప్రిల్ 18న జరగాల్సిన నీట్ పీజీ, అంటే మెడికల్ పీజీ సీట్ల ప్రవేశ పరీక్ష, సెప్టెంబరుకి పోయింది. కోర్టు కేసు వల్ల సీట్లు కేటాయించే కౌన్సెలింగ్ 2022 జనవరిలో గానీ మొదలవలేదు. అంటే కొత్త బ్యాచ్ రాలేదు. పేరుకి సెకండియర్, చేసేది ఫస్టియర్ చాకిరీ. 2020 మేలో హెలికాప్టర్లలో ఆసుపత్రుల మీద పూలు చల్లారు, సంతోషం. మాకు కావాల్సింది మాత్రం వారానికో ఆఫ్.

డ్యూటీల్లో ఉన్నన్నాళ్లూ బాగానే ఉన్నాను. వేవ్ తగ్గాకే మొదలైంది. నిద్ర పట్టేది కాదు, మైక్రోవేవ్ బీప్ వినిపిస్తే గుండె దడ, అమ్మ ఫోన్ చేస్తే చిరాకు. మా కాలేజీలోనే సైకియాట్రీ విభాగం ఉంది, కానీ అక్కడ ఓపీ చీటీ రాయిస్తే సాయంత్రానికల్లా హాస్టలంతా తెలిసిపోతుంది. అందుకే వేరే ఊళ్లో చూపించుకున్నాను. మందులు, కౌన్సెలింగ్ కలిపి తేరుకోవడానికి నెలలు పట్టింది.

ఇప్పుడైతే టెలీ మానస్ ఉంది, మానసిక ఆరోగ్యం కోసం ప్రభుత్వం పెట్టిన హెల్ప్‌లైన్, నంబరు 14416. 2022 అక్టోబరులో మొదలైంది, తెలుగులోనే మాట్లాడొచ్చు, డబ్బులేం కట్టక్కర్లేదు. ఆ రోజుల ఊసెత్తగానే మాట మార్చేసే డాక్టర్లెవరైనా మీ ఇంట్లో ఉంటే, "డాక్టరువి, నీకేంటి" అనకుండా ఈ నంబరు ఇచ్చి చూడండి.