జీపీఎస్ లాగర్ మేడ మీద బాగానే రాస్తోంది, పడవ ఎక్కితే పిచ్చి అక్షరాలు ఎందుకు వస్తున్నాయి?

మీరు రాసింది చదవగానే నర్సాపురం రేవు గుర్తొచ్చింది. చిన్న జీపీఎస్ రిసీవర్, దానికి మెమరీ కార్డు మీద రాసే సీరియల్ లాగర్. మేడ మీద పెడితే రోజంతా చక్కగా రాసింది, యానాం దగ్గర గౌతమిలో పడవ ఎక్కించగానే సగం సగం లైన్లు, మధ్యలో పిచ్చి అక్షరాలు. లాగర్ మార్చెయ్యనా అని మీ ప్రశ్న. ఇప్పుడే మార్చకండి. ముందు ఇది చెప్పండి: పడవలో రిసీవర్‌కి కరెంటు ఎక్కడి నుంచి తీస్తున్నారు, లాగర్‌కి ఎక్కడి నుంచి?

అడగడానికి కారణం ఉంది. కొన్నేళ్ల కిందట వశిష్ఠలో, సఖినేటిపల్లి పంటు తిరిగే చోటికి కాస్త దిగువన, లోతులు తీసే పని ఒప్పుకున్నాను. గుండు కట్టిన తాడు దింపడం, లోతూ వాచీలో టైమూ పుస్తకంలో రాసుకోవడం, ఆ టైముకి పడవ ఎక్కడుందో తర్వాత లాగర్ ఫైల్లో చూసుకోవడం. ఇంటి దగ్గర వారం రోజులు పరీక్షించాను, ఒక్క తప్పు లైను లేదు. పడవలో మొదటి రోజు ఫైలు తెరిస్తే చెత్త. లాగర్‌ని తిట్టాను, కార్డు మార్చాను, బాడ్ రేటు, అంటే డేటా పంపే వేగం, మార్చాను. రెండు రోజులు పోయాయి.

మూడో రోజు లాప్‌టాప్‌లో లైన్లు చూస్తూ, ఒక తడి చెయ్యి రిసీవర్ యూఎస్‌బీ ప్లగ్గు ఇనుము మీద, రెండో చెయ్యి లాగర్ కార్డు తొడుగు మీద వేశాను. లైన్లు కాస్త కుదురుకున్నాయి. చెయ్యి తీస్తే మళ్లీ చెత్త! సరంగు బాబాయి చూసి, "ఆయ్, నువ్వే వైరువైపోయావు గదయ్యా" అని నవ్వాడు. ఆయన సరదాకి అన్నాడు గానీ జబ్బు సరిగ్గా అదే. ఇంట్లో రెండూ ఒకే లాప్‌టాప్ యూఎస్‌బీ నుంచి కరెంటు తీసుకునేవి, అంటే రెండింటి గ్రౌండూ (వోల్టులు కొలవడానికి సున్నాగా పట్టుకునే మైనస్ తీగ) లాప్‌టాప్‌లో కలిసేది. పడవలో రిసీవర్ ఇంజిన్ బ్యాటరీకి కారు ఛార్జర్‌తో, లాగర్ పవర్ బ్యాంకుతో. మధ్యలో నేను కలిపింది ఒక్క డేటా వైరే. గ్రౌండ్ కలవకపోతే ఇక్కడి 3.3 వోల్టులు అక్కడ ఎంతో లాగర్‌కి తెలిసే దారి లేదు. జానెడు వైరు ముక్కతో రెండు గ్రౌండ్లూ కలిపాను, అంతే.

మీదీ ఇదే అయ్యుండొచ్చు. కాకపోతే లాగర్ జోలికి పోకుండా ముందు రిసీవర్ మాట వినండి. దాని టీఎక్స్ (డేటా పంపే) తీగను యూఎస్‌బీ సీరియల్ కేబుల్ ఆర్‌ఎక్స్‌కి (డేటా అందుకునే తీగకి), గ్రౌండ్‌ని గ్రౌండ్‌కి కలిపి లాప్‌టాప్‌లో పుట్టీ అనే సీరియల్ లైన్లు చూపించే ప్రోగ్రాం తెరవండి. సెకనుకోసారి డాలరు గుర్తుతో మొదలయ్యే లైన్లు శుభ్రంగా రావాలి. బాడ్ రేటు పాత మెరైన్ రిసీవర్లకి ఎక్కువగా 4800, చిన్న బోర్డు రిసీవర్లకి చాలావరకు 9600. రేటు తేడా అయితే పడవ మీదే కాదు, మేడ మీదా చెత్తే వచ్చేది, కాబట్టి మీ విషయంలో నాకు దాని మీద అనుమానం తక్కువ.

మేడ మీద ఒక రిసీవర్, పడవలో ఇంకోటి వాడుతుంటే మాత్రం కథ వేరు. పడవల్లో బిగించే 12 వోల్టుల రిసీవర్ డబ్బాలు కొన్ని ఆర్‌ఎస్-232 ఇస్తాయి, అంటే ప్లస్, మైనస్ వోల్టులతో నడిచే పాత సీరియల్ పద్ధతి. మల్టీమీటర్ పెట్టి టీఎక్స్‌కీ గ్రౌండ్‌కీ మధ్య, లైనుకీ లైనుకీ నడుమ ఖాళీలో చూడండి. ప్లస్ 3.3 దగ్గర ఉంటే నేరుగా కలపొచ్చు. మైనస్ 5, మైనస్ 9 అలా చూపిస్తే అది ఆర్‌ఎస్-232, మధ్యలో ఆ వోల్టుల్ని లాగర్‌కి సరిపడేలా మార్చే మ్యాక్స్3232 బోర్డు పెట్టాల్సిందే. నేరుగా కలిపితే చెత్త రావడం సరే, లాగర్ పిన్నే కాలిపోవచ్చు. నాది ఒకటి అలాగే పోయింది.

పవర్ బ్యాంకుతో ఇంకో తంటా. లాగర్ తాగే కరెంటు మరీ తక్కువ కాబట్టి, ఏదీ తగిలించలేదనుకుని చాలా పవర్ బ్యాంకులు కాసేపటికి ఆరిపోతాయి. ఫైలు మొదట్లోనే ఆగిపోతుంటే అది చూడండి. ఫైలుంది గానీ సైజు సున్నా అంటే, కార్డు మీద రాయడం పూర్తవకముందే కరెంటు లాగేశారన్నమాట. కనెక్టర్ విప్పి చూడటం కూడా మరవకండి. మన ఉప్పుగాలికి రాగి తీగ నెల తిరక్కుండా పచ్చగా చిలుము పడుతుంది, పైన ప్లాస్టిక్ నిగనిగలాడుతూనే ఉంటుంది.

చెత్త లేదు గానీ లైన్లు మధ్యలో తెగుతున్నాయంటే డేటా ఎక్కువైందేమో. 4800లో సెకనుకి 480 అక్షరాలే పడతాయి, ఒక్కో లైను 82 దాకా ఉండొచ్చు. ఉపగ్రహాల జాబితా ఇచ్చే జీఎస్‌వీ లైన్లే సగం మింగేస్తాయి. మీ పనికి స్థానం, టైము ఇచ్చే జీజీఏ, ఆర్‌ఎంసీ లైన్లు చాలు, మిగతావి రిసీవర్ సెట్టింగుల్లో ఆపెయ్యండి. లైను చివర నక్షత్రం గుర్తు తర్వాతి రెండక్షరాలు చెక్‌సమ్, అంటే లైను చెడకుండా వచ్చిందా అని సరిచూసుకునే గుర్తు. అది కుదరని లైన్లని నిర్దాక్షిణ్యంగా తీసెయ్యండి.

ఇదంతా సరిపోయాక కూడా నేను ఇంకో రెండు చోట్ల బోర్లా పడ్డాను. ఫైల్లో అక్షాంశం 1626.1 అని ఉంటే అది 16 డిగ్రీల 26.1 నిమిషాలు, అంటే 16.435 డిగ్రీలు. నేను దాన్ని 16.261గా చదివాను. దాదాపు 19 కిలోమీటర్లు దక్షిణానికి జరిగి, మ్యాపులో నా పడవ సముద్రంలో తేలింది. అది నయం, చూడగానే తెలిసిపోయింది.

రెండోది కనిపించని తప్పు. ఫైల్లో టైము యూటీసీ, అంటే ప్రపంచమంతటికీ ఒకటే ప్రామాణిక టైము, మన వాచీకి ఐదున్నర గంటలు వెనక. పొద్దున్న 5 గంటలకు తీసిన లోతు ఫైల్లో ముందురోజు 23:30 కింద ఉంటుంది. పోటు నుంచి పాటుకి ఇక్కడ ఆరు గంటల పైచిలుకే కాబట్టి, ఆ తేడా మరిచిపోయి పోటుపాట్ల లెక్క కట్టానంటే పోటులో తీసిన లోతుకి పాటు సవరణ వేశానన్నమాట. లెక్కంతా మళ్లీ చేశాను.

మీ రిసీవర్ పాతదై, తేదీ పంతొమ్మిదిన్నర ఏళ్లు వెనక చూపిస్తే కంగారు పడకండి. జీపీఎస్ వారాల లెక్క 1024 వారాలకోసారి సున్నాకి వస్తుంది, 2019 ఏప్రిల్‌లో అలాగే వచ్చింది. స్థానం మాత్రం సరిగానే ఇస్తుంది, తేదీకి 1024 వారాలు కలుపుకుంటే చాలు.

గ్రౌండ్ కలిపాక కూడా అలాగే వస్తే, ఫైల్లోంచి ఒక పది లైన్లు ఉన్నవి ఉన్నట్టు పెట్టండి. రిసీవర్ మోడల్ కూడా రాయండి.