గరిటె వాళ్ల చేతిలోనే ఉండనీ

అమ్మడూ,

కాలనీ కమ్యూనిటీ హాల్లో ఈ మే నెల పిల్లల వంట క్లాసు నువ్వు తీసుకుంటున్నావని అన్నయ్య ఫోన్లో చెప్పాడు. చాలా సంతోషం వేసింది. తొమ్మిది వేసవులు ఆ క్లాసు నేనే నడిపాను కదా, దాన్ని మన ఇంటి పిల్లే అందుకోవడం నాకు పండగలా ఉంది. "ఏం నేర్పాలి అత్తా?" అని అడిగావట. ఏ వంటలన్నది తర్వాత చూసుకుందువుగాని. ముందు ఒక్క మాట విను: గరిటె నువ్వు పట్టుకోకు.

ఇది ఒక పిల్లని బాధపెట్టాక నాకు తెలిసిన మాట. పధ్నాలుగేళ్ల అమ్మాయి బెండకాయ పులుసు పెడుతూ ఉప్పు రెండుసార్లు వేసేసింది. అమ్మానాన్నలు వచ్చే వేళయింది. నేను గబగబా గిన్నె నా వైపు లాక్కుని, నీళ్లు పోసి, మరికాస్త చింతపండు, బెల్లం వేసి, బియ్యప్పిండి కలిపి గట్టెక్కించాను. తిన్నవాళ్లంతా బాగుందన్నారు. ఆ పిల్ల మాత్రం ముట్టుకోలేదు. మర్నాడు రాలేదు, ఆ తర్వాతా రాలేదు. తను పెట్టుకున్న పులుసుని నేను నాది చేసేసుకున్నాను. ఇప్పుడైతే "రుచి చూడు, ఏమనిపిస్తోంది? ఏం చేద్దాం?" అని అడిగి, చేతులు కట్టుకుని పక్కన నిలబడతాను. ఉప్పెక్కువైన పులుసు తిన్నా ఎవరికీ ఏమీ కాదు.

ప్రమాదం దగ్గర మాత్రం ఊరుకోవద్దు. మొదటి రోజు వంటే వద్దు. గ్యాసు, కుక్కరు, చాకు, ఈ మూడే చెప్పు. గ్యాసు గాలి కన్నా బరువు, లీకైతే కిందికి దిగి నేల మీద పేరుకుంటుంది. వాసన వస్తే రెగ్యులేటర్ కట్టెయ్యాలి, తలుపులు, కిటికీలు తెరవాలి, లైటు స్విచ్చి, ఫ్యాను స్విచ్చి ముట్టుకోకూడదు, బయటికి వచ్చి గ్యాసు లీకుల అత్యవసర నంబరు 1906కి ఫోన్ చెయ్యాలి. ఒక్కొక్కరి చేతా ఇది పైకి చెప్పించు. పప్పు పొంగుతుంది కాబట్టి కుక్కర్లో నీళ్లతో కలిపి సగానికి మించకూడదు. ఆవిరంతా పోయి మూత దానంతట అది వదులయ్యే దాకా ఆగాలి. ఈ వయసు పిల్లలకి అన్నిటికన్నా కష్టమైన పని ఆగడమే! కత్తిపీట వద్దు. చెక్క కింద తడిగుడ్డ పరిచి, వేళ్ల కొనలు లోపలికి మడిచి తరగడం నేర్పు. కరివేపాకు కడిగాక తుడిచి వెయ్యమను, తడి ఆకు నూనెలో పడితే మొహం మీదికి చిమ్ముతుంది. చెయ్యి కాలితే కుళాయి నీళ్ల కింద ఇరవై నిమిషాలు పెట్టించు. టూత్‌పేస్టు పూయనివ్వకు.

రెండో రోజు పొద్దున్నే ఎండ ముదరకముందు ఎంవీపీ కాలనీ రైతుబజారుకి తీసుకెళ్లు. ధరలు బోర్డు మీద రాసి ఉంటాయి, లెక్క వాళ్లనే వేసుకోనీ. ఏ మామిడికాయ పప్పుకి పనికొస్తుందో, ఏది ఊరగాయకో అమ్మేవాళ్లనే అడగనీ. నువ్వు సంచి కూడా పట్టుకోకు. చేపల కూర చేద్దామని పిల్లలు గొడవ చేస్తారు, సముద్రం పక్కన పుట్టినవాళ్లు కదా. కానీ ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరబోట్లకి వేట నిషేధం, చేపలు గుడ్లు పెట్టే కాలం. ఆ మాట చెప్పి, కుదిరితే ఒకసారి ఫిషింగ్ హార్బర్‌లో కట్టేసి ఉన్న బోట్లని చూపించు. చేపకీ ఒక కాలం ఉంటుందని వాళ్లకి తెలియాలి.

మొదటి వంట మామిడికాయ పప్పే చేయించు. రెండు జట్లు చెయ్యి. కుక్కరు వద్దు, మూత పెట్టిన గిన్నెలు చాలు. ఒక జట్టు కందిపప్పుతోపాటే మామిడి ముక్కలు వేసేస్తుంది. రెండో జట్టు పప్పు మెత్తబడ్డాక వేస్తుంది. మొదటి గిన్నెలో పప్పు ఎంతసేపు ఉడికినా పలుకుగానే ఉంటుంది, పులుపు పప్పుని మెత్తబడనివ్వదు. నువ్వు ముందే చెప్పెయ్యకు. రెండూ కలుపుకుని తిని, ఎందుకిలా అయిందని వాళ్లే అడిగే దాకా ఆగు. ఒకసారి ఒక కుర్రాడు అక్కడితో ఆగకుండా, మరి చింతపండు పులుసు కూరల్లో ముక్కలు ముందే ఎందుకు ఉడికిస్తారో తనే చెప్పేశాడు. ఆ రోజు నాకు కలిగిన ఆనందం ఇంకా గుర్తుంది.

మగపిల్లలకి అంట్లు తోమడం తప్పించాలని ఎవరైనా తల్లి వచ్చి అడిగితే ఒప్పుకోకు. గట్టిగానే చెప్పు.

విశాఖ ఉక్కకి వండినవి తొందరగా పాడవుతాయి. మిగిలిన అన్నం, పప్పు మధ్యాహ్నం దాకా హాల్లో ఉంచకండి, వండిన వెంటనే కూర్చుని తినండి. శనివారం పూట మాత్రం ఇంట్లో ఒక కూర వండి అందరికీ పెట్టి రమ్మను. పిల్లల్ని వంటింట్లోకి రానివ్వని ఇళ్లుంటాయి. ఆ అమ్మలకి నువ్వే ఫోన్ చేసి, ఒక్క గంట హాల్లో కూర్చోమని బతిమాలు.

నా దగ్గరున్న మూడు చిన్న కుక్కర్లకీ కొత్త గాస్కెట్లు వేయించాను. ఆదివారం వచ్చి పట్టుకెళ్లు. కందిపప్పు కూడా ఇద్దామనుకున్నాను గానీ, వద్దులే. అది పిల్లలే కొనుక్కుంటారు.

ప్రేమతో,
మీ అత్త